వరసలో చివరి డ్రమ్ము

ఎండలు ముదిరితే మార్కాపురంలో మనుషులకంటే ముందు డ్రమ్ములు వీధిలోకి వస్తాయి. నాలుగు రోజులకొకసారి వచ్చే నీళ్ళ ట్యాంకరు కోసం ముందురోజు సాయంత్రమే ఎవరి డ్రమ్ము వాళ్ళు తెచ్చి వరసలో పెడతారు. డ్రమ్ము ఉన్నచోట మనిషి నిలబడ్డట్టే లెక్క. దాన్ని పక్కకు జరపడమంటే మనిషిని మెడపట్టి జరపడమే. ఈ కట్టుబాటు ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా అందరూ పాటిస్తారు, లేదా పాటిస్తున్నామని అనుకుంటారు.

యశోద ఇల్లు అలాంటి ఒక వీధి మొదట్లో మూడోది. ఆమె డిగ్రీ చదివింది. పద్ధతి తప్పితే ఊరుకోదని పేరు. వరస దగ్గర తగువొస్తే ఆడవాళ్ళంతా ఆమె మాటకే కట్టుబడేవాళ్ళు. ఆమె ఇంట్లో అంట్లు తోమే హన్నా అదే వీధి చివర రేకుల ఇంట్లో ఉంటుంది. హన్నా భర్త పాల్ రాజు ఇరవై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి, ఆ దుమ్ముకు ఊపిరి చెడి మంచాన పడ్డాడు. ఆ ఇల్లు హన్నా రెక్కల మీదే నడుస్తోంది.

హన్నాను యశోద బాగానే చూసుకునేది. పండక్కి చీర పెట్టేది. జ్వరమొస్తే మాత్ర ఇచ్చేది. కూర మిగిలాక కాదు, మిగలకముందే ఒక గిన్నెలో తీసి ఉంచేది. పనిమనిషిని ఇంత మర్యాదగా చూసేవాళ్ళు ఈ వీధిలో ఇంకెవరున్నారని మనసులో కాస్త గర్వం కూడా ఉండేది.

హన్నా డ్రమ్ము ఎప్పుడూ వరసలో ఆఖరుదే. ఐదిళ్ళలో పని ముగించుకుని వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అందుకే చివర పెట్టుకుంటుందని యశోద అనుకునేది. ఆ డ్రమ్ము సగమైనా నిండకముందే చాలాసార్లు ట్యాంకరు ఖాళీ అయ్యేది. ఇంటి పక్కన చేతిపంపు ఉంది కాబట్టి హన్నా పెద్దగా బాధపడినట్టు కనపడేది కాదు. ఈ ఏడు ఏప్రిల్లోనే ఆ పంపు కొడితే గాలి తప్ప నీళ్ళు రాకుండా పోయాయి.

సరిగ్గా అప్పుడే హన్నా కూతురు ఫెబీకి కాన్పు అయింది. కడుపు కోసి బిడ్డను తీశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ రెండు మాటలే గట్టిగా చెప్పింది. కుట్లు శుభ్రంగా ఉండాలి, బరువు ఎత్తకూడదు. తాగడానికి క్యాను కొనుక్కోవచ్చు. బాలింత ఒంటికీ పసిగుడ్డు బట్టలకూ క్యాన్లు ఎన్నని కొంటారు?

ఆ సాయంత్రం హన్నా పని త్వరగా ముగించి, అందరికంటే ముందు తన నీలం డ్రమ్ము దొర్లించుకొచ్చి వరసకు మొదట్లో నిలబెట్టింది. గుమ్మంలో ఉన్న యశోద చూసి, ఈసారి నువ్వే ముందున్నావే అని నవ్వింది.

"ఫెబీ ఇంటికొచ్చిందమ్మా. ఈ ఒక్కటి నిండితే మళ్ళా ట్యాంకరు వచ్చేదాకా ఎట్లనో గడుపుకుంటాం" అంది హన్నా.

తెల్లవారి యశోద వాకిట్లో ముగ్గు వేస్తుండగా పక్కింటి సుబ్బరత్నమ్మ వచ్చి, ఆ నీలం డ్రమ్మును కాలితో దొర్లించుకుంటూ తీసుకెళ్ళి వరసకు చివర నిలబెట్టింది. తిరిగి వస్తూ యశోదను చూసి, దాచుకోవలసిన పని చేసినట్టు ఏమాత్రం అనుకోకుండా, "పైపు ముందు దాని డ్రమ్ములో ముంచి, ఆ పైపే తెచ్చి మన డ్రమ్ముల్లో పెట్టేదా అమ్మాయ్? ఎన్నడన్నా ఉందా ఇట్ల?" అంది.

ఇన్నేళ్ళుగా హన్నా డ్రమ్ము చివర ఎందుకుంటోందో యశోదకు అప్పుడు తెలిసింది. ముగ్గుపిండి పిడికిట్లోనే ఉండిపోయింది.

ఏడింటికి ట్యాంకరు వచ్చింది. యశోద పెరట్లో అంట్లు తోముతున్న హన్నా తడి చేతులతోనే పరుగెత్తింది. తన డ్రమ్ము ఎక్కడుందో చూసి, ముందు తనదే పెట్టానని డ్రైవర్ ఖాలిద్‌తో చెప్పుకుంది. వరసలో ఏది ముందుంటే దాంట్లో పోస్తానక్కా, ఎవరిది ఎవరిదో నాకేం ఎరుక అన్నాడతను. అతని తప్పేమీ లేదు.

"ఎప్పుడుండేకాడనే ఉంది గదే నీ డ్రమ్ము. బిడ్డ పుట్టంగానే పెత్తనం గూడ పుట్టిందా ఏంది?" అంది సుబ్బరత్నమ్మ. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

హన్నా వాళ్ళ వైపు చూడలేదు. యశోద వైపు తిరిగింది. "అమ్మా, నిన్న నేను పెట్టింది మీరు చూసినారు. పొద్దున గూడ మీరు వాకిట్లోనే ఉన్నారు. ఒక్కమాట చెప్పండి."

వీధంతా యశోద నోటివైపు చూసింది. సుబ్బరత్నమ్మతో గోడ కలిసిన కాపురం, ఇరవై ఏళ్ళ ఇచ్చిపుచ్చుకోవడాలు. అదొక్కటే అయితే బహుశా చెప్పేదేమో. కానీ ఆ క్షణాన ఆమె కళ్ళ ముందు హన్నా డ్రమ్ములోంచి తీసిన పైపు తన డ్రమ్ములోకి దిగుతున్నట్టు కనపడింది. తన గిన్నెలన్నీ రోజూ కడిగేది ఆ చేతులేనని తెలిసి కూడా లోపలెక్కడో ఏదో ముడుచుకుంది.

"నేను గమనించలేదు హన్నా" అంది.

తర్వాత దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా, తన నీళ్ళలోంచి రెండు బిందెలు పట్టుకుపొమ్మని చెప్పింది.

"నేను నీళ్ళడగలేదమ్మా. నా వరస అడిగినా" అంది హన్నా.

ఆమె డ్రమ్ముకు ముందు ఇంకా రెండు డ్రమ్ములుండగానే ట్యాంకరు ఖాళీ అయింది. హన్నా మళ్ళీ యశోద పెరట్లోకి వచ్చి మిగిలిన అంట్లు తోమింది. తన వంతు తప్పించి పట్టుకున్న నీళ్ళతోనే వాటిని కడిగి, తుడిచి, బోర్లించి వెళ్ళింది.

రెండు రోజులు పాల్ రాజు మంచం దిగి, రోడ్డవతలి తోట బోరు నుంచి ఆగి ఆగి ఆయాసపడుతూ చెంబులతో నీళ్ళు మోశాడు. మూడోరోజు తండ్రి అవస్థ చూడలేక ఫెబీ బిందె పట్టుకుని ఆ బోరుకు వెళ్ళింది. చంకనెత్తుకున్న బిందెతో నాలుగడుగులు వేసేసరికి కుట్లు విడిపోయాయి. కబురొచ్చినప్పుడు హన్నా యశోద ఇంట్లోనే ఉంది. సబ్బు చేతులతో వీధంతా పరుగెత్తింది. ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి అయ్యో పాపం అన్నారు.

ఫెబీ బతికింది. పుండు చీము పట్టి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. బిడ్డకు తల్లిపాలు ఎండిపోయాయి.

యశోద రొట్టె, పండ్లు, మెత్తటి పాత చీరలు తీసుకుని చూడబోయింది. హన్నా లేచి స్టూలు ఆమెకిచ్చి తాను నిలబడింది. యశోద, నాడు రెండు బిందెలు పట్టుకుపొమ్మంటే పోలేదు గదా అంది. అన్నాక, తప్పును ఎవరి మీదికి నెడుతోందో తనకే అర్థమై తల దించుకుంది.

హన్నా గొంతు పెంచలేదు. "ఇన్నేండ్లు మీరు పెట్టింది తిన్నా, ఇచ్చింది కట్టుకున్నా. కాదనలేదు. నాది నాకిప్పించమని ఒక్కసారే అడిగినా. అది మాత్రం మీకాడ లేకపాయె."

ఫెబీ ఇంటికొచ్చిన వారం ట్యాంకరు వచ్చినప్పుడు, చివర ఉన్న నీలం డ్రమ్మును యశోద స్వయంగా దొర్లించుకొచ్చి వరసకు మొదట్లో నిలబెట్టింది. "ఆ రోజు హన్నాదే ముందుంది. సుబ్బరత్నమ్మ పిన్ని జరిపింది, నేను చూసినా. చూడలేదని అబద్ధం చెప్పినా" అని అందరూ వినేలా చెప్పింది.

ఖాలిద్ పైపు హన్నా డ్రమ్ములో పెట్టాడు. నిండాక అదే పైపు తర్వాతి డ్రమ్ములోకి దించాడు, తర్వాత ఆ పక్కదానిలోకి. సుబ్బరత్నమ్మ పైపు వైపు చూసింది. ట్యాంకరులో ఎన్ని నీళ్ళున్నాయో చూసింది. తన డ్రమ్ము మూత తీసి పట్టుకుంది. నీళ్ళు వద్దన్నవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు.

అన్నేళ్ళ ఆచారం ఒక్క మాటకే విరిగిపోయింది. యశోదకు సంతోషం కలగలేదు. ఇంత తేలికైన మాటను తాను చెప్పనందుకు ఒక బాలింత రక్తం కారిందని మాత్రమే ఆమెకు తోచింది.

హన్నా తన డ్రమ్ములోంచి బిందె ముంచుకుని చంకనెత్తుకుంది. "ఈ మాట ఆ పొద్దే అనుంటే సరిపోయేదమ్మా" అని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే అంట్లకు వచ్చింది. రాకపోతే తన ఇంట్లో పొయ్యి వెలగదు. ముందే తీసి ఉంచిన కూరగిన్నె వైపు మాత్రం ఇప్పుడు ఆమె చూడడం లేదు.

ఇది చదివే అమ్మలకూ అక్కలకూ చెప్పవలసింది ఒక్కటే. ఎదుటివాళ్ళకు దక్కవలసింది దక్కనివ్వకుండా మనం చూపే దయ మన మనసును జోకొట్టుకోవడానికే తప్ప వాళ్ళకు ఎందుకూ పనికిరాదు.