విప్పడానికి రాకుండా

మనవరాలి బట్టల సంచి సర్దుతున్నాను. సంచి సర్దడమంటే నాకెప్పుడూ గుబులే. జిప్పు లాగిన ప్రతిసారీ ఎవరినో చివరిసారి చూస్తున్నట్టుంటుంది. సెలవులొస్తే పిల్లని నా మరిది ఇంట్లో ఉంచడం మా అలవాటు. ఒంటరివాడు, పిల్లలంటే ప్రాణం అంటారు మా ఆయన.

కిందటి సెలవుల తర్వాత పిల్ల పక్క తడపడం మొదలుపెట్టింది. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడుతోంది. దుప్పట్లు ఉతికేది నేనే కాబట్టి, పక్క తడిపే సంగతి ముందు నాకే తెలిసింది. ఆయనతో అంటే, "చలికి తడిపి ఉంటుంది. గోరంత కనబడితే కొండంత చేస్తావు" అన్నారు.

పిల్ల తన పైజామా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అమ్మమ్మా, దీనికి నడుం దగ్గర కుట్టు వేసేయవా?"

"వదులైందా తల్లీ?"

"కాదు. విప్పడానికి రాకుండా."

"మరి బాత్రూంకి వెళ్ళాలంటే?"

"నీళ్ళు తాగనుగా."

పైజామా మడతపెడుతూ అడిగాను. "ఎవరు విప్పుతారమ్మా?"

"చిన్న తాతయ్య. ఆట అంటాడు. చెప్తే అమ్మ ఏడుస్తుందన్నాడు."

ఇంకేమీ గుచ్చి గుచ్చి అడగలేదు. అడగడం తెలిసినవాళ్ళు వేరే ఉంటారు. "నాకు చెప్పి మంచిపని చేశావు. తప్పు నీది కాదు. నువ్వక్కడికి వెళ్ళవు" అన్నాను. సంచిలోని బట్టలన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను. పిల్ల ప్రతి గౌనునీ కళ్ళతో లెక్కపెట్టుకుంది. కూతురికి ఫోన్ చేశాను. పని మధ్యలో వదిలేసి వచ్చింది, విన్నది, డాక్టర్ దగ్గరికీ స్టేషన్‌కీ వెళ్దామంది.

"మెల్లగా మాట్లాడండి, కిటికీ తెరిచి ఉంది" అన్నారు ఆయన. సంగతంతా విన్నాక ఆయనకు ముందుగా గుర్తొచ్చింది కిటికీ. "వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను. పిల్లలు ఏవో కలలు కని చెప్తారు. డాక్టర్లూ పోలీసులూ ఎందుకు? నాలుగు గోడల మధ్య తేల్చుకుందాం."

"నాలుగు గోడల మధ్యే కదండీ జరిగింది."

ఇన్నేళ్ళ కాపురంలో నేను ఎదురు చెప్పింది కూరలో ఉప్పు గురించే. ఆయన నా వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశారు.

"మీరు అటు వెళ్తే నేను ఇటు తమ్ముడి దగ్గరికి పోతాను. మళ్ళీ రాను."

"కాస్త పక్కకు జరగండి. పిల్ల చెప్పులు మీ వెనకున్నాయి" అన్నాను.

ముందు డాక్టరమ్మ దగ్గరికి, అక్కణ్ణుంచి స్టేషన్‌కి వెళ్ళాం. మా ఆయన ఆ సాయంత్రమే తమ్ముడింటికి వెళ్ళారు. తిరిగి రాలేదు.