కళ్లజోడు పెట్టెలో అక్షరాలు

రండి పిల్లలూ, నీడలోకి జరిగి కూర్చోండి. వెనకున్నవాళ్లు గుసగుసలు ఆపితే కథ ముందుకి కదులుతుంది.

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు ఉండేవాళ్లు. కోడలు ఇంట్లోనే కంప్యూటర్ మీద జనాల అర్జీలూ ఉత్తరాలూ టైపు చేసిపెట్టేది. అత్త ఆసుపత్రిలో ఉతికిన దుప్పట్లు మడతపెట్టి మూటలు కట్టేది. వచ్చే నెల నుంచి మూట మీది చీటీ చదివి ఏ వార్డుదో చెప్పగలిగినవాళ్లకే పని అని అక్కడి సూపర్‌వైజరు తేల్చేశాడు. అత్తకేమో చదువు రాదు.

"చీమలు బారు కట్టినట్టుంటుందే తల్లీ. కళ్లూ ఆనవు," అంది ఇంటికొచ్చి.

"ముందు కళ్ల సంగతి చూద్దాం అత్తయ్యా," అంది కోడలు.

టైపు చేసే సాఫ్ట్‌వేర్‌కి ఆమె ఏటా చందా కట్టేది. ఆ ఏడు మానేసి, ఉచితంగా దొరికేది దించుకుంది. మిగిలిన డబ్బుతో అత్తకి కళ్లజోడు వచ్చింది. ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉత్తదేనేమోనని అత్త అనుమానపడింది గానీ, అది శుభ్రంగానే పనిచేసింది. చిక్కల్లా ఒకటే. పాత ఫైళ్లు తెరిస్తే వరసలు కాస్త జరిగి, చోటు చాలని అక్షరాలు తెర అంచు నుంచి బల్ల మీదకి రాలేవి. కోడలు ఆ ఖాళీల్లో మళ్లీ టైపు చేసుకునేది. అత్త మాత్రం రాలినవాటిని బియ్యంలో రాళ్లేరినట్టు ఏరి, ఇదేంటే, అదేంటే అని ఒక్కొక్కటీ అడిగి, కళ్లజోడు పెట్టెలో దాచేది.

"ఊడ్చి పారెయ్యండత్తయ్యా."

"బంగారంలాంటి అక్షరాలే. పారేస్తామా?"

నెల తిరిగేసరికి పెట్టె నిండింది. అత్త కోడలి వెనక నిలబడి తప్పులు కూడా పట్టసాగింది.

ఆసుపత్రిలో చీటీల పరీక్ష రోజు వచ్చింది. అత్త రెండు చీటీలు కూడబలుక్కుని చదివింది. మూడోది నీళ్లకి తడిసి, నడిమి అక్షరం చెరిగిపోయి ఉంది. సూపర్‌వైజరు కాసేపు చూసి, "రాదంటే ఒప్పుకోమ్మా, తప్పేం లేదు," అన్నాడు.

అత్త పెట్టె తెరిచింది. వేలితో కదిపి, ఒక 'ము' తీసి ఖాళీలో పెట్టింది. అతుకు కనబడకుండా అమరింది.

"ఎముకల వార్డు బాబూ."

సూపర్‌వైజరు లోపలికెళ్లి తన పాత రిజిస్టరు తెచ్చి, ఆమెకి కుర్చీ జరిపాడు. "ఇందులోనూ నాలుగైదు చెరిగాయండీ. మీ దగ్గరేమైనా ఉంటాయేమో చూడండి."

ఇక లేవండి, అన్నాలకి వేళయింది, ఇంట్లో ఎదురుచూస్తుంటారు. వెళ్లేముందు మాత్రం మీ పలకల కింద ఓసారి చూసుకోండి. ఏమైనా రాలి ఉంటే తొక్కకండి.