నాగుపాము వరుస, కట్లపాము వరుస

సోమవారం పంకజాక్షి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించింది. శనివారం పొద్దున వచ్చి చూస్తే కాగితం లేదు. సెమినార్ హాలుకు తాళం వేసి ఉంది.

కాగితంలో రాసింది రెండే మాటలు. జీవశాస్త్రంలో కంప్యూటరుతో ఏం చెయ్యొచ్చు, ఆ చదువుకు ఎక్కడ పని దొరుకుతుంది అన్న విషయం మీద శనివారం సెమినార్ హాల్లో మాట్లాడతాను, ఎమ్మెస్సీ విద్యార్థులు ఎవరైనా రావచ్చు అని. కానీ 1985లో తిరుపతిలో ఒక జువాలజీ లెక్చరర్ ఆ మాట రాయడమే వింత. పంకజాక్షి చిత్తూరు బెల్లం వ్యాపారి ఏకాంబరం కూతురు. ఆ ఎండాకాలం బెంగుళూరులో శిక్షణకు వెళ్ళి, ప్రోటీన్లను అక్షరాల వరుసలుగా రాసి కంప్యూటరుతో పోల్చే విద్య నేర్చుకుని వచ్చింది. నేర్చుకున్నది కడుపులో దాచుకునే మనిషి కాదు.

తాళం వేయించింది శాఖాధిపతి పరంధామయ్య అని తెలిసి ఆయన గదికి వెళ్ళింది. ఆయన గాజు సీసాలోని చేపపిల్లను కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. కల్యాణి డ్యాం నుంచి స్వర్ణముఖి దాకా ఏ మడుగులో ఏ చేప ఉందో ఆయన కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఆ పని మీద పంకజాక్షికి గౌరవమే.

"సార్, హాలు తాళంచెవి కావాల."

"చూడమ్మా, జంతువును చేత్తో తాకనోడు జువాలజిస్టు ఎట్ల అవతాడు? మన పిల్లోళ్ళు నీళ్ళలో దిగాల, బురద తొక్కాల. మిషను ముందర కూర్చోని బొత్తాలు నొక్కేది జీవశాస్త్రమా?"

"బురద తొక్కినాకనే సార్. తెచ్చినదాన్ని పోల్చేదానికి కన్ను చాలని చోట మిషను."

"లేనిపోని ఆశలు పెట్టొద్దు. ఆ ఉద్యోగాలు యాడుండాయి ఈ దేశంలో?"

"అది చెప్పేదానికే పిలిచినాను వాళ్ళను."

"హాలు ఇవ్వను."

"హాలు మీది సార్. పాఠం నాది. బయట చెప్పుకుంటాను."

ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. కావాలంటే ఆయన మంచిమాట రాయాలి. అయినా తాళం ముందు గుమిగూడిన విద్యార్థుల దగ్గరికి వెళ్ళి, "రండి నా వెంబడి," అంది.

కంప్యూటర్ సెంటర్ ముందు వెడల్పాటి మెట్లున్నాయి. అక్కడ కూర్చోబెట్టింది. సెంటర్ చూసుకునే జయరావు, ప్రింటరు వదిలేసిన కాగితాల కట్ట ఒకటి అడగ్గానే ఇచ్చాడు. ఒక్కొక్కరి చేతికి ఒక్కో కాగితం ఇచ్చి, తను చెప్పిన ఇంగ్లీషు అక్షరాన్ని పెద్దదిగా రాయమంది.

"ప్రోటీన్ అంటే ఇరవై రకాల పూసలతో గుచ్చిన దండ. ఒక్కో పూసకు ఒక్కో అక్షరం పేరు. పై మెట్టు మీద ఉండేవాళ్ళు నాగుపాము విషంలోని దండ. కింది మెట్టు మీద ఉండేవాళ్ళు కట్లపాము విషంలోని దండ. రెండూ దండలో ముక్కలే అనుకోండి. సి అక్షరం ఉండేవాళ్ళు చెయ్యెత్తండి."

చేతులు లేచాయి కానీ పై వరుసలో ఒకచోట, కింది వరుసలో మరొకచోట. ఒకరికొకరు ఎదురుగా లేరు.

"ఈ రెండింటికీ చుట్టరికం ఉందంటారా, లేదంటారా?"

"లేదు మేడం," అన్నారు అందరూ.

"కింది వరుసలో భారతీ, నీ కాడి నుంచి అందరూ ఒక మనిషి జాగా వదిలి పక్కకు జరగండి."

నవ్వుకుంటూ జరిగారు. నవ్వు ఆగిపోయింది. సి పట్టుకున్న ప్రతివాడి ఎదుటా సి పట్టుకున్న మనిషే ఉన్నాడు.

"ఈ సి పూసలు జతజతగా కొక్కెం వేసుకోని దండను ముడివేస్తాయి. ఆ ముడి ఊడితే విషం పని చెయ్యదు. అందుకే పాము మారినా ఆ పూస మారలేదు. ఇప్పుడు మనం ఒక్కచోట ఖాళీ వదిలినాము. నిజం దండల్లో యాడ వదలాల, ఎన్నిచోట్ల వదలాల? అన్నిచోట్లా వదిలి చూసేది మనిషి వల్ల కాదు. అది మిషను చేస్తాది. ఏం వెతకాల, దొరికినదానికి అర్థమేంది అని చెప్పేది మనం. దానికి పాము తెలియాల, లెక్కా తెలియాల."

కింది వరుసలోంచి దామోదరం లేచాడు. ఐరాల రైతు కొడుకు. మాట మెత్తగా ఉండదు.

"మేడం, సదివేదానికి బాగుండాది. దీనికి జీతమిచ్చేవాళ్ళు యాడుండారు? మా నాయన బీయీడీ చెయ్యమంటా ఉండాడు. పూతలపట్టు హైస్కూల్లో అయ్యవారి పని దొరకతాదంట."

"తిరుపతిలో లేరు. చిత్తూరులోనూ లేరు. బెంగుళూరు, హైదరాబాదు, ఢిల్లీ పరిశోధనా సంస్థల్లో అక్కడక్కడా ప్రాజెక్టు అసిస్టెంటుగా తీసుకుంటా ఉండారు. మందులు చేసేవాళ్ళకు, పంట తెగుళ్ళ మీద పనిచేసేవాళ్ళకు రేపు కావాల్సొస్తాది. ప్రోగ్రాం రాసే జీవశాస్త్రజ్ఞుడొక దోవ. జీవశాస్త్రం తెలిసిన ప్రోగ్రామరు ఇంకో దోవ. పీహెచ్‌డీ చేసి నా మాదిరి పాఠం చెప్పుకునేది మూడోది. ఉద్యోగం ఖాయమని చెప్తే అబద్ధం. ముందు నడిచేవాళ్ళ కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటాయి. కానీ దోవే లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దండి."

అప్పుడే పరంధామయ్య వచ్చాడు. మెట్ల కింద నిలబడి, "అందురూ ల్యాబుకు పొండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. కాగితాలు మాత్రం కొన్ని కిందికి దిగాయి.

"పాఠం అయిపోనీండి సార్, వస్తారు," అంది పంకజాక్షి.

"ఈ కంప్యూటరు పని మీద నా శాఖలో డిసర్టేషన్ రాసేదానికి లేదు. రాసినోడు మార్కులకు నన్ను అడగొద్దు."

దామోదరం చేతిలో కాగితం ఇంకా ఎత్తే ఉంది. "నేను రాస్తాను సార్," అన్నాడు.

ఆ పాము విషాల దండల మీదే రాశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ మిషను ఖాళీగా ఉంటుందని జయరావు వాళ్ళకు ఆ గంట ఇచ్చాడు. దామోదరం ప్రోగ్రాం నేర్చుకుని, దాన్ని మిషను చదివేలా అట్టకార్డులకు బెజ్జాలు కొట్టుకుని, ఒక్క కార్డు తప్పితే మళ్ళీ మొదటికొచ్చి, మధ్యలో రెండుసార్లు వదిలేస్తానన్నాడు. "వదిలెయ్యి. వదిలేసినాక ఆయన ముందర ఏం చెప్తావో అది ముందు నాకు చెప్పు," అని పంకజాక్షి పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేది. వాడు చెప్పలేక మళ్ళీ కార్డులు పేర్చుకునేవాడు.

వైవా రోజు పరంధామయ్య అడిగాడు: "ఈ పాముల్ని ఎప్పుడన్నా చేత్తో పట్టినావా?"

"మా చెనిక్కాయ చేన్లో చంపినాను సార్, పట్టలేదు. కరిచిన మనుషుల్ని మోసినాను. కరిచినాక లోపల ఏం జరగతాదో తెలుసుకోవాలనే ఈ పని."

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నవ్వాడు, కానీ మార్కులు ఇవ్వలేదు. దామోదరానికి ఫస్టు క్లాసు తప్పిపోయింది. ఫలితాలు చూసి పంకజాక్షి వాడి ముఖం వైపు చూడలేకపోయింది. వాడే దగ్గరకొచ్చి, "నేను మొండికేసినాను, మీరేం బలవంతం చెయ్యలేదు కదా మేడం," అన్నాడు. కొన్నాళ్ళకు బెంగుళూరులో ఒక పరిశోధనాలయం వాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారు. ప్రోగ్రాం రాయగలిగిన జువాలజీ మనిషి వాళ్ళకు కావాలి. వచ్చినవాళ్ళలో అది వచ్చింది వీడొక్కడికే. తీసుకున్నారు.

పంకజాక్షికి పర్మనెంటు ఆ ఏడు రాలేదు. మరుసటేడు కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఒక పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "పై అధికారి మాట వినరని రాసినారే?"

"జంతువుల గురించి ఆయన ఏం చెప్పినా వింటాను సార్. పిల్లోళ్ళు ఏం నేర్చుకోకూడదో చెప్తే వినను."

అయినా ఉద్యోగం ఖాయం చేశారు.

కంప్యూటర్ పేపరు పెట్టాలని ఆమె సిలబస్ సమావేశంలో అడిగింది. ఓడిపోయింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఓడిపోయింది. మూడోసారికి బోటనీ వాళ్ళూ, బయోకెమిస్ట్రీ వాళ్ళూ ఆమె వైపు చేతులెత్తారు, గెలిచింది. పరంధామయ్య అప్పుడు కూడా వ్యతిరేకంగానే ఎత్తాడు. అందరూ లేచి వెళ్తుంటే ఆమె దగ్గర ఆగాడు.

"రేపు వీళ్ళకు ఉద్యోగాలు రాకపోతే ఎవురమ్మా పూచీ?"

"నేనే సార్. నన్ను నిలదీసేదానికి వాళ్ళకు నోరుండాది. అది కూడా నేనే నేర్పిస్తాను."