దూలాలు లేని గని

ధైఫల్లా తొడ మీద బండ పడింది. ముగ్గురం పట్టి లాగితే గానీ మనిషి బయటికి రాలేదు. మా ఎడారిలో, ఫైనాన్ లోయలో మూడు వేల ఏళ్ల కిందటి రాగి గని అది. సులేమాన్ రాజు కాలంనాటిదని కొందరు, కాదని కొందరు చదువుకున్నవాళ్లు వాదులాడుకుంటూ మా చేత తవ్విస్తున్నారు. కప్పుకి దూలాలు పెట్టమని అడిగీ అడిగీ మా నోళ్లు పడిపోయాయి.

జీపు అక్కడే ఉంది. దాన్నిండా పాతకాలంలో రాగి కరిగించగా మిగిలిన చిట్టెం పెట్టెలు.

"అవి దించండి, మనిషిని ఎక్కిద్దాం" అన్నాన్నేను.

కాంట్రాక్టర్ నవ్వాఫ్ అడ్డంగా నిలబడ్డాడు. "రాజధానికి పోవాల్సినవిరా అవి! ఒక్కటి పగిలినా నా కాంట్రాక్టు పోద్ది. మీకు గాడిదలున్నాయిగా?"

గాడిద మీదే తీసుకుపోయాం. రోడ్డెక్కకముందే ధైఫల్లా పోయాడు.

సాయంత్రం గుడారంలో గొడవే గొడవ. "దేవుడి రాత. పని పోతే మేకలకి దాణా ఎక్కణ్ణించి తెస్తార్రా?" అన్నాడు మా తెగ పెద్ద షేక్. సగం మంది తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. పాతిపెట్టిన మట్టి ఇంకా చేతులకే ఉంది, తలలెలా ఊపుతారు?

తెర వెనక నించి ధైఫల్లా భార్య హమ్దా లేచొచ్చింది. "బండ దేవుడే పడేశాడనుకో మామా. జీపుకి అడ్డం నించుందెవడు?"

తలలూపినవాళ్లే ముందు లేచారు. తెల్లారి ఒక్కరూ గనిలోకి దిగలేదు. దూలాలు పెట్టు, దెబ్బ తగిలినోడికి బండి ఇవ్వు. ఇంతే మేమడిగింది.

నవ్వాఫ్ కొండ అవతలి తెగవాళ్లని లారీలో తెచ్చాడు. బావి నీళ్ల దగ్గర మాకూ వాళ్లకీ తాతలనాటి పగ. మావాళ్లు రాళ్లందుకున్నారు. నవ్వాఫ్‌కి కావలసిందీ అదే.

"రాళ్లు పారేయండిరా దద్దమ్మల్లారా!" అని అరిచి హమ్దా లారీకేసి తిరిగింది. "బాబాయ్, దిగేముందు ఆ కప్పు చూసి దిగు. నా మొగుడి నెత్తురింకా ఆరలేదు."

లారీలోంచి ఉవైద్ అనే ముసలాయన దిగాడు. గని నోట్లోకి వంగి చూశాడు. కాండ్రించి ఉమ్మాడు.

"బావి సంగతి మనమూ మనమూ తర్వాత కొట్టుకు చద్దాం. ఈ గోతిలోకి మాత్రం మావాళ్లని దింపను" అని లారీ చక్రానికి అడ్డంగా చతికిలబడ్డాడు. అతని వెనకే అందరూ.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. నాకూ ఉవైద్‌కీ కలిపి ఒకే బేడీ వేశారు. పోలీసు బండెక్కుతూ చూశాను: మా ఆడవాళ్లు కాల్చిన రొట్టె అవతలి తెగవాళ్లు తుంచుకు తింటున్నారు. నవ్వాఫ్ గొంతు చించుకుంటున్నాడు. ఒక్కడూ లేవడంలేదు.

"నవ్వుతున్నావేం పెద్దాయనా?" అన్నాను.

"కొండకి అటుపక్క గని తవ్విస్తున్నదీ ఈ నవ్వాఫేరా. అక్కడా దూలాల్లేవు" అన్నాడు ఉవైద్. "దిగొద్దని అక్కడున్న మావాళ్లకి కబురు పంపేశాను."