నాలుగు గంటల మెరుపు

ఫెబా వాళ్ల ఇంటి వసారాలో నిలబడితే తూర్పున కొండ కనిపిస్తుంది. ఆ కొండ నడిమికి కొంచెం పైన, సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఏదో మెరిసేది. ఒక్క మెరుపు కాదు. పిడికెడు చక్కెర ఎండలో చల్లినట్టు చిన్నచిన్నవి చాలా. కాసేపు వణికి ఆగిపోయేవి. పోయిన వేసవిలో మొదటిసారి చూసింది. ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు, నోరు తెరవడమే ఆ పిల్లకు పెద్ద పని. డైరీలో మాత్రం రాసుకుంది. మబ్బు పట్టిన రోజులు వదిలేస్తే తక్కిన అన్ని రోజులూ మెరిసింది.

ఇప్పుడు తొమ్మిది రోజులుగా మెరవడం లేదు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

కొండ మీద సుగాలీల తండా ఉందని ఆమెకు తెలుసు. పుంగనూరు సంతకు వాళ్లు దిగివస్తుంటారు. అంతకు మించి ఏమీ తెలియదు. మెరిపించేది మనిషేనా? మనిషైతే, ఆ మనిషికి ఏమైంది?

ఫెబా తండ్రి శాలేము రాజు మదనపల్లె మిషన్ ఆస్పత్రి తరఫున ఊరూరూ తిరిగి ముసలివాళ్ల కళ్లు పరీక్షిస్తాడు. రేపు తండాకు పోతున్నానని అన్నం తింటూ అన్నాడు. ఫెబా ముద్ద చేతిలో పట్టుకుని, మనసులో నాలుగుసార్లు అనుకుని, అప్పుడు అడిగింది.

“నాయనా, నేనూ వస్తా.”

“కొండకా? ఆడేముండాదని?”

“ఊరికే. సూడల్ల.”

శాలేము రాజు భార్య వైపు చూశాడు. “ఏడాదికి ఒక మాట అడుగుతాది మీ బిడ్డ. కాదంటే ఇంగో ఏడాది కాసుకోవాల మనము.”

మర్నాడు మధ్యాహ్నం కొండ కింద చింతచెట్టు దగ్గర బైకు నిలిపి నడక మొదలుపెట్టారు. దారికి అటూ ఇటూ సీతాఫలం పొదలు, ఎండిన బోదగడ్డి. రెండో మలుపు దగ్గర ఒక ముసలామె కర్ర ఊతంగా ఎక్కుతోంది. చంకలో మూట. శాలేము రాజు వెనక నుంచి రెండుసార్లు పిలిచినా తిరిగి చూడలేదు. పక్కకు వచ్చి నిలబడ్డాక ఉలిక్కిపడి, చెవి మీద చెయ్యి పెట్టి, లేదన్నట్టు ఊపింది.

“అస్సలు వినబడదు పాపం,” అన్నాడు శాలేము రాజు. మూట తాను అందుకున్నాడు. వేరుశనక్కాయలు, గలగలమన్నాయి.

ముగ్గురూ మెల్లగా ఎక్కారు. ఒక చోట చెట్లు తొలగి కింద లోకమంతా కనిపించింది. ఫెబా తన ఊరు వెతుక్కుంది. చర్చి గోపురం దొరికింది గానీ ఇల్లు దొరకలేదు. ఆ వెనక గుట్ట, గుట్ట మీద పది పన్నెండు ఇళ్లు. తను రోజూ కొండను చూసేది ఇంత చిన్న చోటు నుంచేనా అని విచిత్రంగా తోచింది. అటు నుంచి తల తిప్పేసరికి ముసలామె కిందికి చూడడం లేదు. తల ఎత్తి, పైనున్న నున్నని బండనే చూస్తోంది. చూసి చూసి, ఖాళీ అన్నట్టు అరచేతులు విప్పింది.

ఆ బండ ఉన్నది సరిగ్గా మెరుపు కనిపించే చోటే.

“నాయనా, ఈమెది యా ఊరు?”

“వినబడని మనిషిని నేనెట్ల అడిగేది?”

తండా చేరగానే ముసలామె కర్ర పారేసి, వంగి ఒక చిన్న ఇంట్లోకి దూరింది. మరుక్షణం లోపలి నుంచి ఏడుపు లేచింది. ఒక గొంతు కాదు, రెండు. ఒకటి పట్టుకున్న రాగాన్ని ఇంకొకటి అందుకుంటోంది. ఫెబా కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. తొమ్మిది రోజులు. అయితే చచ్చిపోయిందన్నమాట, మెరిపించే మనిషి. ఫెబా వాళ్ల ఇళ్లలో ఎవరైనా పోతే ఇలా గొంతెత్తి ఏడవరు, పాట పాడి ప్రార్థన చేస్తారు. శాలేము రాజు కూడా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఎదురింటి అరుగు మీద జొన్నలు చెరుగుతున్న ఆడమనిషి వాళ్లను చూసి చేట కింద పెట్టింది.

“టోపీ పెట్టుకోప్పా, ఎండ కొడతాండాది. ఎవురూ పోలేదు.”

“మరి ఆ ఏడుపు?”

“సుట్టం వస్తే మేమంతే. చానా దినాలకు కలిస్తే మెడ పట్టుకోని ఏడ్సల్ల. కష్టం సుఖం అంతా పాటగట్టి చెప్పుకోవాల. ఏడవకుంటే అదేం సుట్టం?”

ఫెబా తనకు తెలియకుండానే ముందుకు జరిగింది. “ఏమంటాండారు, పాటలో?”

శాలేము రాజు కూతురి వైపు చూశాడు. కొత్త మనిషిని ఆ పిల్ల ఏదైనా అడగడం అతను చూడలేదు.

ఆడమనిషి చెవి ఒగ్గింది. “వచ్చినామె చెల్లెలు చాందిబాయి, కింద గుట్టమీద ఉంటాది. ‘బండ నల్లబడె అక్కా, నువ్వుండావో లేవో అని తొమ్మిది దినాలు కూడు తినలేదు’ అంటాండాది. లోపలుండేది సోమ్లీబాయి. ‘నీ కండ్లు పోయినాయని సంతలో చెప్పిరి చెల్లీ, ఇంగ ఎవురికోసరం ఆరేసేది’ అంటాండాది.”

“ఏమి ఆరేసేది?”

“అద్దాల పావడా. చెల్లెలికి చెవులు పోయినాక ఫోను పనికిరాలా. దాని కొడుకు చూస్తే బెంగుళూరులో ఉండాడు. అందుకని బాగుండానని చెప్పేదానికి, సోమ్లీబాయి దినమూ బండమీద పావడా పరిచి విదిలిచ్చేది. ఇప్పుడు మనమరాలు రేఖ అంగళ్లు ఊర్లో ఇంజనీరింగు సదువుతాండాది. కాలేజీలో డ్యాన్సంట, అడిగింది. చెల్లెలు సూడనే సూడదు కదా అని ఇచ్చేసింది పిచ్చిది.”

ఏడుపు సన్నబడి ఆగింది. అక్కచెల్లెళ్లిద్దరూ బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ముఖాలు తడిసి, కడిగినట్టు తేటగా ఉన్నాయి. శాలేము రాజు చిన్న టార్చి తీసి చాందిబాయి కళ్లు చూశాడు.

“కుడికన్ను పొర పట్టేసిందమ్మా, ఆపరేషను చేయల్ల. ఎడమది బాగుండాది.”

“సంతలో వాళ్లు సగం నిజమే చెప్పినారు,” అంది సోమ్లీబాయి. అని చెల్లెలి ఎడమ కన్ను ముందు వేళ్లాడించింది. చాందిబాయి ఆ చెయ్యి తోసేసి ఏదో గట్టిగా అంది. ఎదురింటి ఆడమనిషి పకపకా నవ్వింది.

“ఏమంటాండాది?” మళ్లీ ఫెబాయే.

“పావడా వచ్చేదాకా ఈడ్నే కూర్చుంటా, కూడు పెట్టి సావు అంటాండాది.”

సోమ్లీబాయి అప్పుడు ఫెబాను నిదానంగా చూసింది. “ఇంతగా అడుగుతాండావు, నువ్వెవురు పాపా?”

ఫెబా చెప్పింది. కింది ఊరు, వసారా, నాలుగు గంటలు, చక్కెర చల్లినట్టుండడం, తొమ్మిది రోజులు. రెండుసార్లు ఆగి మాటలు వెతుక్కుంది. అయినా చివరిదాకా చెప్పింది. “మీకేమన్నా అయిందేమో అని వచ్చినా,” అని ముగించింది.

సోమ్లీబాయి చెల్లెలి వైపు తిరిగి చేతులతో చెప్పింది: ఈ పిల్ల, కింద, చూసేది. చాందిబాయి నోరు తెరిచి ఫెబాను చూసింది. చెయ్యి పట్టి తమ ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుంది.

సోమ్లీబాయి ఫెబా మెడ చుట్టూ చెయ్యి వేసి మళ్లీ రాగం ఎత్తింది. ఈసారి పాట ఫెబా కోసమే. మాటలు ఆమెకు తెలియవు. తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియక తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకుని టార్చిని సంచిలో సర్దుతున్నాడు.

చాందిబాయి ఆ పిల్ల అరచెయ్యి తీసుకుని అక్క వీపు మీద ఆనించి, పక్కనే తన చెయ్యీ పెట్టింది. ఎముకల కింద పాట గుర్‌మంటూ కదులుతోంది. ఓహో, ఈమె వినేది ఇట్లనా అనుకుని, ఫెబా కళ్లు మూసుకుంది.