కుడి ట్రేలో ఏడు పండ్లు

కుడి ట్రే ముందు వరుసలో కుళ్లకూడని బేరిపండ్లు ఏడు కుళ్లిపోయి ఉన్నాయి.

పరిశోధకురాలు మూత పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పది రోజుల తర్వాత ఇవాళే తీసింది ఆ మూత. ఎడమ ట్రేలోవి కుళ్లాలి. వాటికి సూదితో గుచ్చి ఎక్కించింది మామూలు బూజు. కుడి ట్రేకి ఎక్కించిందీ అదే బూజు, కాకపోతే అందులోంచి ఒక జన్యువు కత్తిరించేసింది. పండులో కణాలను అంటిపెట్టి ఉంచే జిగురును కరిగించే ఎంజైము ఆ జన్యువు వల్లే తయారవుతుంది. అది లేకపోతే బూజు మొలుస్తుంది గానీ పండులోకి పాకలేదు. నాలుగేళ్లుగా ఆమె చెబుతున్న మాట ఇదే. పదకొండింటికి డైరెక్టరు వచ్చి ట్రేలు చూస్తాడు. ఆ మాట తప్పు అని తేలితే ఈ గది, ఈ పని ఇవాళ్టితో సరి.

గడియారం ఎనిమిది చూపిస్తోంది.

ఏడు పండ్ల నుంచీ చిటికెడు కుళ్లు తీసి జన్యు పరీక్షకు యంత్రంలో పెట్టింది. రెండు గంటలు పడుతుంది. కూర్చోలేకపోయింది. కిటికీ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది.

పక్క గది సహోద్యోగి తలుపులోంచి తొంగిచూశాడు. ఈ గది తనకివ్వమని రెండుసార్లు అర్జీ పెట్టుకున్న మనిషి.

"ఏంటి, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?"

"నా ట్రేల జోలికి వచ్చావా?"

"నా నిమ్మకాయల కంపే భరించలేకపోతున్నాను, నీ పండ్లు నాకెందుకు తల్లీ?"

"తాళాలున్నది ముగ్గురి దగ్గరే."

"అయితే ఆ మూడో ఆయన్ని అడుగు. నా మీద పడతావేం?"

మూడో ఆయన ఆమె మేనమామ. ముప్పై ఏళ్లు పండ్ల గోదాములో మంచీ చెడూ ఏరినవాడు. గోదాము మూతపడితే, సీసాలు కడిగే పనికి ఆమే ఇక్కడ పెట్టించింది. గది మూల సింకు దగ్గర వంచిన తల ఎత్తకుండా సీసాలు తోముతున్నాడు.

పదింటికి ఫలితం వచ్చింది. ఆమె కత్తిరించిన జన్యువు ఏడింటి కుళ్లులోనూ చెక్కుచెదరకుండా ఉంది. అంటే ఇది జన్యువు కత్తిరించిన బూజు కాదు, ఎడమ ట్రేది. మరి ఇటు ఎలా వచ్చింది?

పండ్లను దీపం కిందికి తెచ్చింది. సూది గుచ్చిన నడుమ భాగంలో ఆవగింజంత మచ్చ, అంతే. కుళ్లు మొదలైంది పైన, తొడిమ కింద మెడ దగ్గర. దాని మధ్యలో నెలవంకలా సన్నటి గాటు. ఏడింటికీ అక్కడే. బేరిపండు పక్వానికొచ్చిందో లేదో బొటనవేలితో నొక్కి చూసేది ఆ మెడ దగ్గరే. ఆమెకు చిన్నప్పుడు అది నేర్పింది మామయ్యే.

సింకులో నీళ్ల చప్పుడు ఆగింది.

పేరు చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తన నాలుగేళ్లు పోతాయి. ఆమె ఇంకా ఎటూ తేల్చుకోకముందే డైరెక్టరు లోపలికొచ్చాడు, పది నిమిషాలు ముందుగానే.

"ఇవి కుళ్లవన్నావు కదమ్మా?"

"ఇది నా బూజు పని కాదు సార్. పరీక్ష చేశాను. ఎడమ ట్రేలోది ఇటు దాటింది."

"కాళ్లొచ్చి దాటిందా?"

మామయ్య తడిచేతులు చొక్కాకు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"నేను దాటించాను సార్. పది రోజులు మూత తీయొద్దంది అమ్మాయి. ఐదో రోజుకే నేను ఆగలేకపోయాను. తొడుగులు వేసుకుంటే పండు మెత్తనో గట్టో తెలియదని అవీ తీసేశాను. ఎడమవైపు పండు నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. ఆ వేలు గుడ్డకి తుడుచుకుని కుడివైపు నొక్కాను. రాయిలా ఉంది. మా పిల్ల గెలిచిందనుకున్నాను. నమ్మలేక ఇంకోటి, ఇంకోటి, ముందు వరుస ఏడూ నొక్కేశాను. గోరు దిగిందని తెలుసు సార్, అంత చిన్న గాటుకి ఏమవుతుందిలే అనుకున్నాను. వెనక వరుసలోవి నేను ముట్టుకోలేదు. అవి చూడండి, ఒక్కటీ కుళ్లలేదు."