మెడ దాకా మట్టి

గుంత మీద కర్రను అడ్డంగా వేసి, మోకాళ్ల మీద వంగి, ఒక కన్ను మూసి చూసింది వ్లస్తా. మొక్క మెడ కర్రకు రెండు వేళ్లు కిందే ఉంది.

"ఎత్తండి. కింద ఇంకా మట్టి పడాలి."

పార్కు పనివాళ్ల పెద్ద రాదిమ్ పారను నేలకు గుచ్చి నడుం పట్టుకున్నాడు. "పొద్దుట్నుంచి ఇది మూడోసారి పిన్నీ. ఇది లీపా మొక్కా, పెళ్లికూతురా?"

"పెళ్లికూతురైతే నీలాంటోడి చేతుల్లో పెడతానా? ఎత్తు."

నవ్వుకుంటూనే ఎత్తారు. మొక్క అనడమే గానీ అది రెండు నిలువుల ఎత్తు, ముంజేయంత లావు. గోనెపట్టా చుట్టిన వేళ్ల ముద్ద బండరాయంత బరువుంది. ఈసారి మెడ కర్రను దాటి నాలుగు వేళ్లు పైకి వచ్చింది. వ్లస్తా లేచి, మోకాళ్లకంటిన మట్టి దులుపుకుంది. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. అరవై ఎనిమిదేళ్ల చెయ్యి లాగక ఏం చేస్తుంది అనుకుంది.

"మరీ గుట్టలా లేదూ?" అన్నాడు రాదిమ్.

"మధ్యాహ్నం పద్నాలుగు ఊళ్ల మట్టి వచ్చి పడితే సమానమైపోతుందిలే."

మా వైపు లీపా అంటే దేశపు చెట్టు, దాన్ని నాటడమంటే ఉత్త నాటడం కాదు. రిపబ్లిక్ పుట్టినరోజున నాటే లీపాకు చుట్టుపక్కల ప్రతి ఊరూ తన మట్టి తెచ్చి పొయ్యాలి. పోసిన మట్టిని తియ్యకూడదు. తీస్తే ఆ ఊరిని కాదన్నట్టే. ఈ మర్యాద ఎవరు పెట్టారో గానీ, వాళ్లు ఒక్క చెట్టునైనా పెంచి ఉండరు. కాండం వేళ్లుగా విడిపోయే చోటును తోటవాళ్లు మెడ అంటారు. అది గాలి తగిలేలా నేల పైనే ఉండాలి. పూడ్చారంటే చెట్టు వెంటనే చావదు, చస్తే అందరికీ తెలిసిపోనూ. ఊపిరి కోసం పైకి కొత్త వేళ్లు తోస్తుంది. అవి కాండం చుట్టూ తిరుగుతాయి. కాండం లావెక్కే కొద్దీ ఆ వేళ్లే బిగుస్తాయి. తన గొంతు తానే నులుముకోవడానికి దానికి నలభై ఏళ్లు పడుతుంది.

ఈ సంగతి పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు వ్లస్తా. పది అడుగుల అవతలే, బల్లంత వెడల్పున మోడు ఉంది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, ఆగస్టులో పరాయి దేశాల ట్యాంకులు వచ్చాక, అక్టోబరులో జనం పళ్లు బిగబట్టుకుని నాటిన లీపా అది. అప్పుడామెకు పద్దెనిమిదేళ్లు. గుంతకు కర్ర పట్టింది తనే. ఆ రోజు ఊళ్లవాళ్లు బకెట్లతో వచ్చారు. ఒక ఊరు రెండు బకెట్లు పోస్తే పక్క ఊరు మూడు పోసింది. అందరూ ఏడుస్తూ పోశారు. పెద్ద తోటమాలి షిందెలార్ ఆమె చెవిలో "రేపు తీసేద్దాంలే పిల్లా" అన్నాడు. మర్నాడు చూస్తే దాని మీద గడ్డి పరిచి, రాతిపలక పెట్టేశారు. ఏడాది తిరక్కుండా ప్రభుత్వం పలకను పీకించింది గానీ మట్టిని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె కూడా ముట్టుకోలేదు. భయపడింది.

తర్వాత యాభై ఏళ్లు ఆ చెట్టుకు నీళ్లు పోసింది, ఎండుకొమ్మలు కోసింది. జూన్‌లో పూత కోసి ఎండబెట్టి, జలుబుకని వీధి వీధంతా పంచింది. బస్సు డ్రైవరు లుబోర్‌ను ఆ చెట్టు కిందే పెళ్లాడింది, పిల్లల్లేకుండానే అతన్ని ఆరేళ్ల కిందట శ్మశానానికి సాగనంపింది. చెట్టు పైకొమ్మలు పలచబడటం అందరికంటే ముందు చూసింది. ఒకసారి తవ్వి చూస్తే మణికట్టంత వేరు మెడను చుట్టుకుని ఉంది. దాన్ని కోసింది. దాని వెనక మరొకటి ఉంది. మొన్న మార్చిలో చెట్టును కొట్టేశారు. ఇదంతా నా చేతకానితనమే అని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. పింఛను తీసుకుంటూ పదేళ్లుగా సగం రోజు పనికి వస్తున్నది ఎందుకని అడిగితే, ఇంట్లో కూర్చుంటే తోచదు అనేది.

పదకొండింటికి మేయర్ వచ్చాడు. కోటు జేబులో చేతులు పెట్టుకుని మొక్క చుట్టూ తిరిగాడు.

"ఏంటిది, సమాధి దిబ్బలా? ఫొటోలో ఏం బాగుంటుంది? కిందకి దించండి."

"అయ్యా, మధ్యాహ్నం మట్టి పోస్తారు కదా. మెడ మునిగిపోతుంది," అంది వ్లస్తా.

"అమ్మా వ్లస్తా, రిపబ్లిక్‌కు నూరేళ్లు నిండిన పండగ. మెడలూ కాళ్లూ రేపు చూసుకుందాం."

రాదిమ్ ఆమె వైపు చూడకుండా మొక్కను దింపించాడు. అతనికి ఇద్దరు పిల్లలు, ఉద్యోగం కావాలి. అతన్ని ఏమనగలదు?

అందరూ తిండికి వెళ్లాక ఆమె తన కర్రను మొక్క పక్కనే నిలువునా లోతుగా దిగ్గొట్టింది. షిందెలార్ ఇచ్చిన చేవకర్ర అది, యాభై ఏళ్లు చేతిలో నలిగి నునుపెక్కింది. సరిగ్గా మెడ ఎత్తున దానికి ఎర్ర దారం కట్టింది. ఎంత మట్టి పడ్డదీ దారమే చెబుతుంది. మోడు మీద కూర్చుని పందికొవ్వు రాసిన రొట్టె సగం తిని, ఫ్లాస్కులోని లీపాపూల టీ తాగింది. ఆ చెట్టు చివరి పూత అది.

రెండింటికి బ్యాండు మోగింది. ఊళ్లవాళ్లు ఈసారి మర్యాదగా సీసాలతో వచ్చారు, రిబ్బన్లు కట్టి మరీ. వ్లస్తాకు కాస్త ఊపిరి వచ్చింది. అంతలో కొజీనెత్స్ ఊరివాళ్లు చక్రాల బండి తోసుకొచ్చారు, నిండా నల్లమట్టి.

"సీసాడు మట్టేనా మీ ఊళ్లో ఉన్నది?" అని అరిచాడు వాళ్ల పెద్ద. జనం గొల్లుమన్నారు.

"చాలు! మెడ! మెడ మునిగింది!" అంది వ్లస్తా గట్టిగా.

"ఎవరి మెడ బామ్మా?" అన్నారెవరో. మళ్లీ నవ్వులు. మేయర్ చివరి పార పోసి, పాదంతో అదిమాడు. జాతీయగీతం అయ్యాక అందరూ బీరు వైపు నడిచారు. ఎర్ర దారం నాలుగు వేళ్ల లోతున ఎక్కడో ఉంది.

రాదిమ్ ఆమె భుజం తట్టాడు. "ముఖం అలా పెట్టకు పిన్నీ. రేపు పొద్దున్నే తీసేద్దాంలే."

యాభై ఏళ్ల కిందట షిందెలార్ కూడా ఇలాగే అన్నాడు. అవే మాటలు, ఇదే చోటు.

"నువ్వెళ్లు," అంది. "బీరు అయిపోతుంది."

పార్కు ఖాళీ అయ్యాక మొక్క దగ్గర మోకరిల్లి, చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టింది. పార వాడితే లేత బెరడు గీసుకుపోతుంది. తీసిన మట్టిని బకెట్లో మోసుకెళ్లి మోడు చుట్టూ పోసింది. నల్లమట్టి, ఇసకమట్టి, ఎర్రమట్టి, ఏది ఏ ఊరిదో ఆమెకు తెలుసు. ఈసారి భయం వెయ్యలేదు. తిడితే తిట్టనీ అనుకుంది. చెయ్యి లాగుతూనే ఉంది. మూడు బకెట్లు అయ్యేసరికి కర్ర ఉన్న వైపు ఎర్ర దారం బయటపడింది. దాని పక్కనే మెడ, తడిగా, లేతగా. బొటనవేలితో తుడిచింది. రెండో వైపు ఇంకా పూడే ఉంది. కాస్త ఊపిరి తీసుకుని చేద్దామని మోడుకు ఆనుకుని కూర్చుంది.

వెలుతురు ఉండగానే, కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకామె చూసింది. నిద్రపోతోందనుకుని కాసేపు పిలిచింది కూడా.

సోమవారం పొద్దున రాదిమ్ వచ్చి మొక్క పక్క గుంటను చూస్తూ నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. మట్టి తీస్తానన్న మాట అతనికి గుర్తుందో లేదో మరి. కాసేపటికి మనుషుల్ని తీసుకుని వ్లస్తా ఇంటికి వెళ్లాడు. ఆమె కిటికీ కింద పూలమడి ఉండేది. అందులోంచి రెండు బకెట్ల మట్టి తవ్వి తెచ్చారు.

"ఊళ్లన్నిటి మట్టీ ఉంది, మా పిన్నిది కూడా ఉండాలిగా," అన్నాడు.

గుంటను నింపి, మిగిలింది చుట్టూ పోసి, ప్రేమగా అదిమారు. పైన గడ్డి పరిచారు. అందరూ టోపీలు తీసి ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. ఆమె కర్రను మాత్రం పీకడానికి ఎవరికీ మనసు రాలేదు. దాని కొనకు జెండా మూడు రంగుల రిబ్బను కట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ చేవకర్ర, దాని ఎర్ర దారం ఆరు వేళ్ల లోతున, గడ్డి కింద.